జనవరిలో రండి

నవంబరు మూడో వారానికల్లా మా ఫుడ్ ప్యాంట్రీలో వాలంటీర్ల జాబితా నిండిపోతుంది. థ్యాంక్స్‌గివింగ్ ముందు శనివారం డాలస్ శివార్లలోని మన తెలుగువాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు, డబ్బాలు మోస్తారు, అరలు సర్దుతారు. వాళ్లని చూస్తే నాకెంతో సంతోషం. అందుకే ఈ నాలుగు మాటలు వాళ్లతోనే చెప్పుకోవాలనిపించింది.

డిసెంబరు ఆఖర్లో బళ్లకు సెలవులిస్తారు. దాంతో బడిలో ఉచితంగా దొరికే పొద్దుటి టిఫినూ మధ్యాహ్న భోజనమూ ఆగిపోతాయి. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో రోజూ ఆరు కంచాలు అదనంగా నిండాలి. గంటల లెక్కన జీతం తెచ్చుకునే తల్లి, పిల్లల్ని చూసుకోవడానికి ఆ రోజుల్లోనే పని మానుకోవాల్సి వస్తుంది. క్రిస్మస్ పండగ ముందు మా దగ్గర వరస పెరగడానికి ఇదొక పెద్ద కారణం.

మేం సంచులు కట్టి చేతికివ్వం. దుకాణంలోలాగే బండి తోసుకుంటూ ఎవరికి కావలసినవి వాళ్లే ఎంచుకుంటారు. ఈ పద్ధతి నాకు ప్రాణం. కిందటేడు ఒక పెద్దావిడ టర్కీ వద్దని చిక్కుడు గింజలు, మొక్కజొన్న పిండి తీసుకుంది. ఉండేది మోటెల్ గదిలో. అక్కడ ఓవెన్ లేదు, ఉన్నది ఒక్క కరెంటు పొయ్యి. మేం మనసారా ఇవ్వబోయిన అంత పెద్ద కోడి ఆమెకు బరువే తప్ప తిండి కాదు.

1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదటి ఫుడ్ బ్యాంకు పెట్టారు. దుకాణాల వెనక చెత్తతొట్లలో దొరికిన తిండితో పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి మాటల్లోంచి ఆయనకు ఆ ఆలోచన పుట్టిందంటారు. ఏం కావాలో ఆకలి తెలిసినవాళ్లనే అడగాలన్న నా నమ్మకానికి ఇంతకంటే బలం అక్కర్లేదు.

అడిగితే చెబుతారు. తిండి కోసం ప్రభుత్వమిచ్చే స్నాప్ కార్డుతో సబ్బు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కొనడం కుదరదు, అవి తెమ్మంటారు. కారులోనే బతుకు వెళ్లదీసేవాళ్లు మూతకి రింగున్న డబ్బాల కోసం వెతుకుతారు. ఇంట్లో గడువు దాటిన పొడుల ప్యాకెట్లు మాత్రం దయచేసి తేవద్దు. ఏం తేవాలో తోచకపోతే డబ్బివ్వండి. ఫుడ్ బ్యాంకులు టోకున కొంటాయి కాబట్టి మనం కొనేదానికన్నా ఎక్కువే వస్తుంది.

జనవరి వచ్చేసరికి జాబితాలో పేర్లు పలచబడతాయి. కూరగాయల లారీ మాత్రం మంగళవారం పొద్దున్నే యథాప్రకారం వస్తుంది. బంగాళదుంపల బస్తాలు దించాలి, కుళ్లినవి ఏరాలి, కౌంటర్ దగ్గర పేర్లు రాసుకోవాలి. బళ్లు మూతపడ్డాక జూన్‌లో ఇంకా కష్టం. ఈ శనివారం చోటు దొరకలేదని నొచ్చుకోకండి, జనవరి రెండో మంగళవారానికి పేరు రాయించుకోండి. స్పానిష్ నాలుగు ముక్కలు వస్తే మరీ మంచిది, కౌంటర్ దగ్గర కూర్చోబెడతాం.