కరియకూ ఒక సీట్ బెల్ట్

మా చిలమత్తూరు కుక్కలకు కారు వెనక పరుగెత్తడం తెలుసు కానీ, కారు ఎక్కడం తెలీదు. మా కరియ కూడా అంతే. ఆరేళ్లుగా జేజి ఇంటి ముందు వేపచెట్టు కింద పడుకుని, సందులోకి ఏ బండి వచ్చినా నాలుగడుగులు తరిమి, డ్యూటీ అయిపోయిందన్నట్టు మళ్లీ వచ్చి పడుకునేవాడు. లాబ్రడార్ పోలికలున్న నల్లకుక్క. బరువు 35 కిలోలు. కన్నడ సరిహద్దు ఊరు కాబట్టి నల్లగా ఉన్నాడని కరియ అని పేరు పెట్టేశారు.

పోయినేడు జేజికి మోకాళ్లు మొరాయించాయి. ఒక్కతే ఉండటం ఇక కుదరదని తేలిపోయింది. నేనూ తమ్ముడూ ఉద్యోగాలు చేసుకుంటున్న బెంగళూరుకు రమ్మంటే ఆమెది ఒకటే మాట.

"కరియ వస్తే నేనొస్తా. వాన్ని ఇడ్సిపెట్టి నేనెట్లొస్తా పాపా?"

అంటే ముందు కరియ ప్రయాణం కుదరాలి. అది కుదిరితేనే జేజి ప్రయాణం. చిలమత్తూరు నుంచి కొడికొండ చెక్‌పోస్ట్ దాకా పల్లె రోడ్డు, అక్కడినుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీద బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా బెంగళూరు. మొత్తం నూరు కిలోమీటర్లు దాటుతుంది. మా దగ్గరున్నది చిన్న హ్యాచ్‌బ్యాక్. అందులో నేను, తమ్ముడు, జేజి, ఒక 35 కిలోల కుక్క.

సలహాలకేం కొదవ! "టెంపోలో సామాన్లతో పాటు ఎక్కించి తాడుతో కట్టేయండి" అన్నారొకరు. "వెనక సీట్లో వదిలేయండి, అదే పడుకుంటుంది" అన్నారింకొకరు. రెండూ ప్రమాదమే. టెంపో వెనక మెడకు తాడు కట్టిన కుక్క బెదిరి దూకితే ఆ తాడుకే వేలాడుతుంది. వెనక సీట్లో వదిలేస్తే ఏమవుతుందో తెలియాలంటే హైస్కూల్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకుంటే చాలు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్ది ఆగిపోయిందనుకోండి. కారు ఆగుతుంది, లోపలున్న కుక్క ఆగదు. అదే 80 వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది. ఆ వేగంతో గుద్దుకోవడమంటే సుమారు 25 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఎనిమిదో అంతస్తు నుంచి కిందపడినట్టు. 50 వేగమైనా మూడో అంతస్తుతో సమానం. పైగా 35 కిలోల శరీరం వచ్చి పడేది ముందు సీట్లో కూర్చున్న మనిషి మీద. మా కారులో ఆ సీటు జేజిది.

అందుకే హార్నెస్ కొన్నాం. దీన్ని మెడపట్టీతో కలిపేయకండి. మెడపట్టీకి బెల్ట్ తగిలిస్తే, బ్రేక్ పడినప్పుడు ఆ ఊపంతా గొంతు మీదే పడుతుంది. హార్నెస్ అయితే ఛాతీ చుట్టూ వెడల్పుగా పట్టి ఉంటుంది, దెబ్బ ఛాతీ అంతటా సర్దుకుంటుంది. దాని వెనక కొక్కేనికి పొట్టి బెల్ట్ తగిలించి, రెండో కొసను కారు సీట్ బెల్ట్ బకిల్‌లో పెట్టాలి. కుక్క కూర్చోగలగాలి, పడుకోగలగాలి, ముందు సీటు దాకా మాత్రం రాలేకపోవాలి. పొడవు అంతే ఉండాలి.

హార్నెస్ అని రాసి ఉన్న ప్రతిదీ పనికొస్తుందనుకోకండి. అమెరికాలో సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే సంస్థ 2013లో నిజం కుక్కల బరువున్న బొమ్మలతో హార్నెస్‌లకు క్రాష్ టెస్టులు చేసింది. చాలావరకు ఆ పరీక్షకు నిలబడలేదు. అందుకని కొనేటప్పుడు రంగు చూడకండి. కుట్లు గట్టిగా ఉన్నాయా, కొక్కెం లోహానిదా ప్లాస్టిక్‌దా, క్రాష్ టెస్ట్ చేశామని కంపెనీ చెబుతోందా, ఇవి చూడండి. మామూలు వాకింగ్ హార్నెస్ కారులో చాలదు.

హార్నెస్ చూడగానే జేజి మొహం మాడింది.

"దొంగోన్ని కట్టేసినట్ల కట్టేస్తివే పాపా! పుట్టినప్పట్నుంచీ వానికి తాడే తెలీదు."

"నీక్కూడా బెల్ట్ పెడతాను కదా జేజీ?"

"నాకంటే పోలీసోళ్లు పట్టుకుంటారని పెడ్తావు. వాన్ని ఎవరు పట్టుకుంటారు?"

నిజానికి జేజి బాధ నాకు అర్థమైంది. మా పల్లెల్లో కుక్కను ప్రేమగా చూసుకోవడమంటే కట్టేయకుండా వదిలేయడమే. తిన్నంత పెట్టి, తిరిగినంత తిరగనిస్తారు. కట్టేసిన కుక్కను చూసి అయ్యో పాపం అంటారు. కానీ ఆ లెక్క వీధిలో సరిపోతుంది, హైవే మీద సరిపోదు. ఇది జేజికి మాటలతో చెప్పి ఒప్పించడం నావల్ల కాలేదు.

మరి పుట్టి కారెక్కని కుక్కను ఎలా ఎక్కించాలి? తమ్ముడు రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టి కారుతో సహా ఊళ్లో కూర్చున్నాడు. మొదటి రెండు రోజులు ఇంజన్ ఆపి, తలుపులు తెరిచి, కరియ గిన్నె వెనక సీట్లో పెట్టాడు. మూడో రోజుకు వాడే ఎక్కి తిన్నాడు. తర్వాత ఇంట్లోనే హార్నెస్ వేసి తిప్పడం. ఆ తర్వాత ఇంజన్ ఆన్ చేసి, కదలకుండా పది నిమిషాలు. ఆపైన వీధి చివరి దాకా. చివరి ఆదివారం లేపాక్షి నంది దాకా పోయి వచ్చారు. వాంతి చేసుకోలేదు, వణకలేదు. అంత పెద్ద నందిని చూసి ఒకసారి మొరిగాడట. అంతే.

ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. మాది వాన మొహం చూపించని ఎండల నేల. పొద్దెక్కితే రోడ్డు పెనంలా కాలుతుంది. కరియకు రాత్రే తేలిగ్గా తిండి పెట్టాం, పొద్దున ఏమీ పెట్టలేదు, నీళ్లు మాత్రం ఇచ్చాం. కడుపు నిండా తిని ఎక్కితే వాంతులవుతాయి. పైగా పెద్ద జాతి కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఒకటుంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. అందుకని ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ముగించాలి.

నేను డ్రైవింగ్. పక్కన జేజి. వెనక కరియ, వాడి పక్కన తమ్ముడు. వెనక అద్దాలకు లాక్ వేశాం. ఎందుకంటే పెద్ద కుక్క కాలు పవర్ విండో బటన్ మీద పడితే అద్దం దిగిపోతుంది, లేదా వాడి తల బయట ఉండగానే పైకి లేస్తుంది. కుక్క కిటికీలోంచి తల బయట పెట్టి గాలికి చెవులు ఊపుతుంటే రీల్స్‌లో బాగానే ఉంటుంది. ఆ వేగానికి ఒక చిన్న రాయి, ఒక పురుగు కంటికి తగిలితే చాలు.

బాగేపల్లి దాటాక జరిగింది. సర్వీస్ రోడ్డులోంచి ఒక బైక్ రాంగ్ సైడ్‌లో నేరుగా మా ముందుకొచ్చింది. బ్రేక్ మీద నిలబడ్డాను. టైర్లు అరిచాయి. వెనక నుంచి దబ్బుమని శబ్దం, కరియ ఒక్కసారి కుయ్యిమన్నాడు. బైక్ వాడు మమ్మల్ని చూసి చేయి ఊపి వెళ్లిపోయాడు. కారు పక్కకు తీసి వెనక్కి తిరిగి చూశాను. కరియ సీటు అంచు దాకా జారి, బెల్ట్ పట్టి ఆపిన చోట ఆగాడు. వాడి మూతికీ జేజి తలకూ మధ్య జానెడు దూరం.

జేజి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక్కి చేయి చాచి వాడి నుదురు నిమిరింది. తర్వాత తమ్ముడితో అంది: "ఆ పట్టీ ఇంగ కొంచెం బిగించప్పా."

చిక్కబళ్లాపురం దగ్గర టీకి ఆగాం. ఇక్కడ మాకు రెండు నియమాలు. ఒకటి, లీష్ తగిలించాకే బెల్ట్ విప్పాలి, ఆ తర్వాతే తలుపు తెరవాలి. ఈ వరస తప్పితే, లారీ హారన్‌కు బెదిరిన కుక్క నేరుగా హైవే మీదకే పరుగెడుతుంది. రెండు, కుక్కను కారులో ఒంటరిగా వదిలి ఎవరూ టీ తాగకూడదు. "నీడలోనే ఆపాం, అద్దం కొంచెం దించాం, ఐదు నిమిషాలే" అని చాలామంది అంటుంటారు. బయట 24 డిగ్రీల హాయైన వాతావరణం ఉన్నా, ఎండలో మూసిన కారు లోపల పది నిమిషాల్లో 34 డిగ్రీలు, అరగంటలో 43 డిగ్రీలు అవుతుంది. అద్దం కొంచెం దించితే పెద్ద తేడా రాదని పరీక్షల్లో తేలింది. అంటే ఇది అనంతపురం మే నెల ఎండ సంగతే కాదు, బెంగళూరు చల్లదనంలో కూడా జరిగేదే.

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప దాదాపు చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఏసీ. చుట్టూ గాలే వేడిగా ఉంటే ఆ రొప్పు పనిచేయదు. ఆగకుండా రొప్పడం, జిగటగా చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలడం కనిపిస్తే అది వడదెబ్బ. ముందు నీడకు తీసుకెళ్లి ఒళ్లంతా చల్లని నీళ్లు పోయండి, గాలి తగలనివ్వండి. చల్లబరుస్తూనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. మన రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయొచ్చు. ఆ నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి.

దింపే ముందు అరచేయి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించండి. ఐదు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. మెడపట్టీకి మీ ఫోన్ నంబర్ చెక్కిన బిళ్ల ఉండాలి, రేబిస్ టీకా కార్డు ఫొటో మీ ఫోన్లో ఉండాలి. గంటన్నరకో రెండు గంటలకో ఆగి నీళ్లివ్వాలి. ముందు సీట్లో మాత్రం వద్దు. ఎయిర్‌బ్యాగ్ తయారు చేసింది మనిషి కోసం, కుక్క కోసం కాదు.

ఇవన్నీ కలిపి చూస్తే పెద్ద ఖర్చేమీ లేదు. కావాల్సింది రెండు వారాల ఓపిక. ఆ ఓపిక లేకపోతే మా జేజి ఇప్పటికీ ఆ ఇంట్లో గోడ పట్టుకుని ఒంటరిగా నడుస్తూ ఉండేది. మన ఊళ్లలో ఎంతమంది పెద్దవాళ్లు ఒక కుక్క కోసమో, ఒక ఆవు కోసమో పిల్లల దగ్గరికి రామంటున్నారో చూడండి. మొండితనం అనుకుంటాం. వాళ్లకు అది మాట ఇచ్చినట్టు.

ఇప్పుడు బెంగళూరులో సాయంత్రం పూట జేజి కర్ర పట్టుకుని, కరియ లీష్ పట్టుకున్న తమ్ముడితో పార్కు దాకా నడుస్తుంది. పండగలకు నలుగురం ఊరికి పోతుంటాం. కొడికొండ మలుపు తిరిగితే చాలు, కరియ లేచి ముక్కు అద్దానికి ఆనిస్తాడు. అద్దం రెండు వేళ్ల సందు దించుతాను. అంతకు మించి దించమని జేజి కూడా అడగదు.