నిద్రగన్నేరు గిన్నె



2024 ఆగస్టులో కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, గోదావరి గట్టున ఉన్న ‘సినిమా చెట్టు’ కూలిపోయిందని టీవీలో చూసి మా మామయ్యగారు ఆ పూట సరిగా భోజనం చెయ్యలేదు. దాదాపు 150 ఏళ్ల నిద్రగన్నేరు అది. కె.విశ్వనాథ్ గారు, వంశీ గారు లాంటి దర్శకులెందరో దాని నీడలో సినిమాలు తీశారు. ఆ షూటింగులు చూడడానికి మామయ్యగారు కుర్రతనంలో సైకిల్ మీద వెళ్లేవారట.

అయితే ఆయన వడ్రంగి. చెట్టు మీద ఎంత ఇష్టమున్నా దాని కర్ర మీద మాత్రం గౌరవం లేదు. “పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదమ్మా. టేకు ముందు అదీ ఓ కర్రేనా!” అనేవారు.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సైన్స్ ప్రాజెక్టుకి ఆ చెట్టునే ఎంచుకుంది. అలా మా ఇంట్లో రెండు నెలల పాటు నిద్రగన్నేరు పురాణం నడిచింది.

మొదట తెలిసిన సంగతి, ఇది అసలు మన చెట్టు కాదు! దక్షిణ, మధ్య అమెరికా నుంచి 19వ శతాబ్దంలో నీడ కోసం మన దేశానికి తెచ్చారు. శాస్త్రీయ నామం సమానియా సమన్. సాయంత్రం అయ్యేసరికి ఆకులు ముడుచుకుంటుంది కాబట్టి మనవాళ్లు నిద్రగన్నేరు అన్నారు. ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. దానికి ఒకవైపు ఉన్న కణాల్లోంచి పొటాషియం, దాంతో పాటు నీరు బయటికి పోతే ఆ వైపు మెత్తబడి ఆకు ముడుచుకుంటుంది. 1970ల్లో రూత్ సాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ చెట్టు ఆకుల మీదే దీన్ని పరిశోధించారు. ఇది చదివాక మా అమ్మాయి రోజూ ఆరు గంటలకి వీధి చివరి చెట్టు దగ్గర నిలబడేది. ట్యూషన్‌కి లేటవుతోందని నేను కేకలేసేదాన్ని.

రెండో సంగతి మామయ్యగారిని కదిలించింది. హవాయి దీవుల్లో, ఫిలిప్పీన్స్‌లో ఈ కర్రతో అందమైన గిన్నెలు చేస్తారట. చేవ ముదురు గోధుమరంగులో ఉంటుంది. ఆరేటప్పుడు చాలా తక్కువగా కుంచించుకుపోతుంది కాబట్టి పచ్చికర్రను చెక్కినా పెద్దగా వంకర పోదు. “పచ్చికర్రా? పగలకుండానా? నేను నమ్మను” అన్నారాయన. కరెంటు తీగలకు అడ్డమని మా వీధిలో కొట్టేసిన కొమ్మొకటి తెప్పించుకుని, మూడేళ్లుగా మూలన పడి ఉన్న బాడిస, ఉలి తీశారు. గిన్నె అయింది. పోలికకి పచ్చి మామిడికర్ర ముక్క ఒకటి పక్కన పెట్టారు. రెండు వారాల్లో మామిడి ముక్క పగిలింది.

మేమంతా చప్పట్లు కొట్టాం. సైన్స్ టీచర్ గారు మాత్రం ఒప్పుకోలేదు. “ఒకటి గిన్నె, ఇంకోటి దిమ్మ. ఇది సరైన పోలిక కాదమ్మా” అన్నారు. దాంతో తాతామనవరాళ్లు ఒకే సైజులో, ఒకే మందంలో రెండు గిన్నెలు మళ్లీ చేసి ప్రతి ఆదివారం స్కేలుతో కొలిచారు. ఈసారీ మామిడి గిన్నె అంచే చీలింది. “అయినా ఒక్కసారికే తేలిపోయిందనుకోకూడదు తాతయ్యా” అంది మా అమ్మాయి. ఆయన తల ఊపారు.

ఇక మూడో సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

మా అత్తయ్యగారికి షుగరు. ఒకరోజు వంటింట్లో గ్లాసులో ఎర్రటి కషాయం కనిపించింది. గిన్నె చెక్కగా మిగిలిన బెరడు మరగబెట్టి తాగుతున్నారు. రెండు రోజులుగా మాత్ర వేసుకోలేదు. “ఈ బెరడుతో షుగరు పోతుందని ఫోన్లో వచ్చిందిగా” అన్నారు.

నా గుండె ఆగినంత పనైంది. మా అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుంది. “మామ్మా, ఫిలిప్పీన్స్‌లో ఈ బెరడు కషాయం విరేచనాలకి వాడతారట, నిజమే. ఈ ఆకు రసం కొన్ని సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటుందని ల్యాబుల్లో చూశారు, అదీ నిజమే. కానీ అది గాజుపళ్లెంలో. సబ్బునీళ్లు కూడా పళ్లెంలో సూక్ష్మజీవుల్ని చంపుతాయి, మనం తాగుతామా?” అంది. తర్వాత టాక్సాల్ కథ చెప్పింది. అమెరికాలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడుని 1962లో పరీక్షలకి సేకరిస్తే, అందులోని పదార్థం క్యాన్సర్ మందుగా అనుమతి పొందింది 1992లో. ఎంత మోతాదు పనిచేస్తుంది, ఎంత దాటితే విషం అని తేల్చడానికి 30 ఏళ్లు పట్టింది.

అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. “అయితే చెట్లలో మందు ఉన్నట్టేగా?” అన్నారు.

“ఉండొచ్చు మామ్మా. పరీక్ష చేసి తేల్చేదాకా నీ మాత్ర నువ్వు వేసుకో.”

ఆ సాయంత్రమే డాక్టరుగారికి చూపించాం. మాత్రలు మానొద్దని గట్టిగా చెప్పారు. ఇప్పుడు మాత్రల షీట్లు నిద్రగన్నేరు గిన్నెలోనే ఉంటున్నాయి, మంచం పక్కన, కళ్లెదురుగా.

ఇంతకీ ఆ మెసేజ్ మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది ఎవరో కాదు, నేనే. చదవకుండానే, ‘చెట్టు’ అన్న మాట చూసి ప్రాజెక్టుకి పనికొస్తుందని ఫార్వర్డ్ చేశాను. అదే మాట మా అమ్మాయికి చెబితే, “ఎవరు పరీక్షించారు, ఎవరి మీద, ఎంత మోతాదు? ఈ మూడూ అడగాలమ్మా” అంది. ఆ మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. ఫోన్ పక్కనే ఛార్జింగ్‌లో ఉంటుంది కాబట్టి, అటు చూడక తప్పదు.

– ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి, కొవ్వూరు