మట్మారిలో ఒక మిద్దె

రాయచూరు నుండి గుంతకల్లు వైపు పోయే పాసింజరు బండి ఎక్కినవారు మట్మారి స్టేషను చూచియే ఉంటారు. గుర్తు లేకపోయినా తప్పు లేదు. బండిలో చాలామంది మంత్రాలయము పోయే యాత్రికులు. వారి దృష్టి అంతా ముందు రాబోయే తుంగభద్ర వంతెన మీద, నదిలో వేయడానికి చేత పట్టుకున్న చిల్లర మీద ఉంటుంది.

మేము మొదటిసారి అచ్చట దిగినది 2009 అక్టోబరులో. మన సంఘ సభ్యులము నలుగురము, అందరమూ గుమాస్తాలమే. పార పట్టి ఎరుగము.

ఆ సంవత్సరము సెప్టెంబరు చివర పట్టిన వాన పాఠకులు మరచి ఉండరు. కర్నూలు పట్టణము మునిగినది. మంత్రాలయము మఠములోనికి నీరు వచ్చి యాత్రికులు మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పత్రికలన్నీ నదిని గురించి వ్రాసినవి. నది చేరని ఊళ్ళలో వాన ఒక్కటే కూల్చిన ఇళ్ళను గురించి వ్రాసినది తక్కువ.

మట్మారి ప్రాంతము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఇంట తెలుగు, కచేరీలో కన్నడము మాట్లాడే కుటుంబాలు ఈ జిల్లాలో నేటికీ ఉన్నవి. మేము వెతుక్కుంటూ పోయిన కుటుంబమూ అటువంటిదే. ఒక అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. బడి వరండాలో పొయ్యి పెట్టుకొని ఉన్నారు. వారి మిద్దె రెండవ రాత్రి కూలినది. దూలాల సందుల నుండి మన్ను రాలే చప్పుడు విని అవ్వ అందరినీ బయటకు తరిమినది. లేకున్న మేము ఆ ఇంటికి వేరే పనిమీద పోవలసి వచ్చెడిది.

ఆ మిద్దెల సంగతి తెలియనివారికి చెప్పాలి. రాతి గోడలు, మట్టి అడుసు. గోడకు ఇటొక వరుస రాయి, అటొక వరుస రాయి, నడుమ గులకరాళ్ళు, మన్ను. పైన దూలాలు, దంతెలు, కంప, ఆ పైన చవుడు మన్ను. ఏటేటా వానకు ముందు ఇంకొంత మన్ను పోస్తారు, పాతది తీయరు. తాతల నాటి మిద్దెపై మన్ను మూరెడు మందము తేలినది. మాకు వచ్చినది లెక్కలే కనుక అచ్చటనే కూర్చుండి లెక్క కట్టాము. 10 అడుగులకు 12 అడుగుల గది. పైన మన్ను 180 ఘనపు అడుగులు. తడవక ముందే 8 టన్నులు! అంత బరువు క్రింద పసిపిల్లలను పడుకోబెట్టుకొని ఇన్నాళ్ళూ నిద్రపోయినారు.

మేము రేకులకు సరిపడ డబ్బు పోగుచేసుకొని పోయాము. అవ్వ ఒప్పుకోలేదు.

"రేకుల కింద ఎండాకాలము మీరు పండుకుంటారా నాయనా?" అన్నది.

రాయచూరు ఎండ ఎరిగినవారము, జవాబు చెప్పలేకపోయాము. కొడుకు మాత్రము, ఇల్లు సంక్రాంతికి లేవకుంటే సంసారముతో బెంగళూరికి గుళె పోతానన్నాడు. అనగా కూలికి వలస. పిల్లల చదువు అంతటితో సరి. అవ్వ తాను రానన్నది.

మిద్దె ఎట్లా కట్టాలన్నదే తగవు అయినది. మాలో ఒకరు పూర్వము సోలాపూరు వైపు కొలువు చేసి కిల్లారి చూచినవారు. 1993 సెప్టెంబరు 30, వేకువజామున 4 గంటలు కాకముందే భూమి కదలి లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో దాదాపు 10,000 మంది పోయినారు. అంతకు ముందటి రాత్రి వినాయక నిమజ్జనము చేసి అలసి పడుకున్నవారు. వారినీ చంపినది ఇటువంటి గోడలు, ఇటువంటి మన్నే. అయితే దూలాల క్రింద కర్ర స్తంభాలు నిలిపిన ఇళ్ళలో గోడలు వెలుపలికి పడినా కప్పు చాలచోట్ల నిలిచినదని ఆయన చెప్పారు.

మేస్త్రీ ముసలాయన నవ్వాడు. "ఈ సీమలో భూకంపము యాడిది సామీ?"

"కిల్లారి కూడా అప్పటి పటములో అన్నిటికంటె భయము తక్కువ మండలములోనే ఉండినది తాతా" అన్నారు మా మిత్రులు.

ముసలాయన చాలాసేపు బీడీ కాల్చి, మరునాడు ఒప్పుకున్నాడు. కూలిన రాయే మరల వాడాము. గోడ ఈ ముఖము నుండి ఆ ముఖము దాకా పట్టే పొడుగు రాళ్ళు, నిలువున 2 అడుగులకు ఒకటి, పొడుగున 4 అడుగులకు ఒకటి అడ్డము వేయించాము. మూలలలో పెద్ద రాళ్ళు ఒకదానిపై ఒకటి మార్చి మార్చి కూర్చినారు. దూలాల క్రింద తుమ్మ స్తంభాలు. పైన మన్ను జానెడుకు మించకుండ, నడుమ ప్లాస్టిక్కు పట్టా. మన్ను సగమైతే చల్లదనము పోతుందేమోనని అవ్వ చివరి దాకా గొణిగినది.

ఆదివారము ఆదివారము పోయి రాళ్ళు అందించాము. మా అరచేతులు బొబ్బలెక్కినవి. సోమవారము కలము పట్టలేక ఆఫీసులో చీవాట్లు తిన్నాము. మా వలన నిజముగా అక్కరకు వచ్చినది వేరు. పరిహారపు జాబితాలో వారి పేరు లేదు. ఇల్లు చనిపోయిన తాత పేర ఉన్నది. కన్నడములో అర్జీ వ్రాసి, వారసత్వపు కాగితాలు జతపరచి, ఒక కచేరీకి ఏడుసార్లు తిరిగాము. ఏడవసారి పేరు ఎక్కినది. ఆ డబ్బుతో స్తంభాల బాకీ తీరినది. సంక్రాంతి దాటి పదిరోజులకు పాలు పొంగించారు. కొడుకు ఆ ఏడు గుళె పోలేదు. తరువాతి ఏడు ఒక్కడే పోయి ఉగాదికి తిరిగి వచ్చాడు.

మొన్న దీపావళికి మరల దిగాము. అవ్వ ఇప్పుడు లేదు. మిద్దె ఉన్నది. పెద్ద మనుమడు దానిని తీసి సిమెంటు కప్పు వేస్తానంటున్నాడు. స్తంభాలు, కడ్డీలు సరిగా వేయించు నాయనా అని చెప్పాము, విన్నాడో లేదో. మేస్త్రీ అడ్డరాళ్ళను కొలతకు కొట్టలేక కొన్నిటిని లోపలికి నాలుగు వేళ్ళ మేర వదిలిపెట్టాడు. అప్పట్లో అవ్వ తల తగులుతున్నదని తిట్టి, తరువాత వాటిపై దీపము పెట్టుకునేది. ఇప్పుడు ఆ రాతిమీద చార్జింగుకు పెట్టిన సెల్ ఫోను ఉన్నది.