లాము రేవులో షవ్వాల్ రెండవ దినం

మా స్వస్థలం బందరు. ఉద్యోగరీత్యా నైరోబీలో ఉంటున్నాము. ఈదుల్ ఫిత్ర్‌కు ఇంటికి వెళ్లలేకపోవడం ఇది వరుసగా మూడవ ఏడు. బంధువులు లేకుండా పండుగేమిటని పిల్లలు అడిగినప్పుడు మా దగ్గర సమాధానం లేదు. కనీసం ఊరంతా పండుగ చేసుకునే చోటికి వెళదామని కెన్యా ఉత్తర తీరాన ఉన్న లాము ద్వీపానికి బయలుదేరాము.

పగడపు రాతి గోడలు, మడ కర్రల దూలాలు, ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలవవలసిన సందులు, బరువులు మోసే గాడిదలు. ఈ పాతపట్టణాన్ని యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈద్ నమాజులో మా హనఫీ పద్ధతి ప్రకారం ఆరు అదనపు తక్బీర్లకు అలవాటుపడిన మా అబ్బాయి, ఇక్కడి షాఫయీ పద్ధతిలో మొదటి రకాతులో ఏడు, రెండవ దానిలో ఐదు విని విస్తుపోయాడు. ఖిబ్లా కూడా మన దగ్గరలా పడమరకు కాదు, ఇంచుమించు ఉత్తరానికి.

పండుగనాడే తెరచాప పడవ ఎక్కాలని పిల్లల పట్టు. అయితే పడవవానికీ పిల్లలుంటారు కదా! మన ముచ్చట కోసం అతని పండుగను వెలకట్టి కొనడం మాకు న్యాయంగా తోచలేదు. మరునాడు రమ్మన్నాము. ఆ మాటకు ఆయన సంతోషించి, తన తల్లిని, భార్యను, ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చాడు!

పడవ నడిపే నాయకుణ్ణి ఇక్కడ నహోదా అంటారు. మన పూర్వపు ఓడవారి నాఖుదా ఈ మాటే. రేవును స్వాహిలీలో బందరి అంటారని తెలిసి మేము నవ్వాము. గోల్కొండ సుల్తానుల కాలంలో పెద్ద రేవుపట్టణమైన మా ఊరి పేరు, పర్షియన్ నావికుల నోటి మీదుగా ఇంత దూరం వచ్చింది.

ఆ పడవ పేరు మషువా. ఒకే స్తంభం, దానిపై ఏటవాలుగా ఎత్తిన పొడవైన వాసం, త్రికోణపు తెరచాప. ముక్కుకు ఇరువైపులా కన్నులు చిత్రించారు. గాలి బలంగా వీచి పడవ ఒరిగినప్పుడల్లా నహోదా పెద్దకొడుకు బయటికి చాచిన పలక మీదకు పాకి, తన బరువుతో దానిని నిలబెట్టేవాడు. మా పిల్లల కన్నులు సముద్రం మీద కాదు, అతని మీదే!

ఎదుటి మాండా ద్వీపంలో తక్వా అనే శిథిల పట్టణం ఉంది. 15, 16 శతాబ్దాలలో వర్ధిల్లి, 17వ శతాబ్దంలో నిర్జనమైంది. మడ అడవుల నడుమ ఉన్న పాయ గుండా, పోటు సమయంలోనే అక్కడికి పడవ వెళ్లగలదు. అమావాస్య వెళ్లిన వెంటనే కనుక పోటు పెద్దదే. కాని రుతుపవనాలు మారే కాలం. దారిలో గాలి పడిపోయింది. గడలు వేసి నెట్టుకుంటూ పాయ ముఖానికి చేరేసరికి నీరు నిలకడకు వచ్చింది. ఇప్పుడు లోపలికి పోతే పాటుకు బురదలో చిక్కి రాత్రంతా ఉండవలసి వస్తుందని నహోదా తేల్చిచెప్పాడు. పిల్లల ముఖాలు వాడిపోయాయి.

అస్ర్ వేళ అయింది. పడవ తిరిగితే ఖిబ్లా మారుతుంది కనుక మడచెట్టుకు తాడు బిగించారు. నిలబడగలిగినవారు నిలబడి, వృద్ధురాలు కూర్చొని నమాజు చేశాము. ప్రయాణీకులుగా మాకు రెండు రకాతులే. స్థానికుడైన నహోదా ఇమాముగా నిలిచినందున నాలుగూ పూర్తిచేశాము.

తరువాత డబ్బాలు తెరిచారు. మాది షీర్ ఖుర్మా. వారిది తంబి, అదీ సేమియానే, కొబ్బరిపాలు, పంచదార, ఏలకులతో పొడిపొడిగా వండినది. వృద్ధురాలు మా చిన్నదాన్ని ఒడిలోకి తీసుకొని తన చేత్తో తినిపించింది. ఏ భాషలో ఏం చెప్పిందో గాని, ఆ పిల్ల మళ్లీ బంధువుల మాట ఎత్తలేదు. పాటు నీటితో పడవ దానంతట అదే వెనుదిరిగింది.

రేవు దగ్గరపడి ఫోను పనిచేయగానే బందరులోని అమ్మీకి వీడియో కాల్ చేశాము. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది. ఇద్దరు వృద్ధురాళ్లూ సలాములు, ముబారకులు చెప్పుకొని, మాటలు చాలక ఒకరినొకరు చూస్తూ ఉండిపోయారు. ఆమె తంబి గిన్నెను తెరకు దగ్గరగా పట్టి చూపింది. అమ్మీ కళ్లద్దాలు సర్దుకొని పరిశీలించి, "అదేమిటి బేటా, పాలు పోయడం మరిచిపోయారా?" అంది.