గుండు తగిలినా కూలని మేడ

వార్సా నగరంలో దిగిన మర్నాడే ప్రుడెన్షియల్ మేడ చూడబోయాను. చూడగానే, "ఓస్, ఇంతేనా!" అనిపించింది. ఎత్తు 66 మీటర్లు. ఇవాళ ఆ ఊళ్ళో దీనికి మూడింతల ఎత్తున్న మేడలు చాలానే ఉన్నాయి. కాని దీని కథ తెలిస్తే మీరూ మళ్ళీ తలెత్తి చూస్తారు.

1931లో ఒక ఇంగ్లీషు ఇన్సూరెన్సు కంపెనీ తన ఆఫీసు కోసం దీన్ని మొదలుపెట్టింది. ఆ రోజుల్లో యూరపులో ఇంత ఎత్తు మేడలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఎక్కువ అలంకారం లేకుండా, నిలువు గీతల్లా తీర్చినవాడు మార్చిన్ వైన్‌ఫెల్డ్. లోపలి ఉక్కు చట్రానికి లెక్కలు కట్టినవాడు స్తెఫాన్ బ్రివా. రివెట్లు లేకుండా కేవలం వెల్డింగుతో అతికిన రోడ్డు వంతెనను, ప్రపంచంలోకెల్లా మొదటిదాన్ని, 1929లో పోలెండులో నిలబెట్టిన ఇంజనీరు ఆయనే. 1938లో ఆ దేశపు టెలివిజన్ ప్రయోగాలు ఈ మేడమీదనుంచే జరిగాయి.

ఆ మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. నగరం జర్మనుల చేతిలో పడింది. 1944 ఆగస్టు 1న ప్రజలు తిరగబడి, ఆనాడే ఈ మేడ శిఖరాన తమ జెండా ఎగరేశారు. జర్మనులు ఊరుకుంటారా? ఆగస్టు 28న రెండు టన్నుల గుండు ఒకటి వచ్చి దీనికి తగిలింది. సిల్వెస్టర్ బ్రౌన్ సరిగ్గా ఆ క్షణంలో ఫొటో తీశాడు. అందులో మేడ సగం పొగలో మునిగిపోయింది. చూస్తుంటే ఇక కూలినట్టే అనిపిస్తుంది.

కూలలేదు! గోడలు రాలిపోయాయి, చట్రం వంగింది, కాని నిలబడింది.

తన లెక్క నిలిచిందని చూసుకునే భాగ్యం బ్రివాకు దక్కలేదు. కాలేజీలు మూయించిన ఆ చీకటిరోజుల్లో ఆయన రహస్యంగా విద్యార్థులకు పాఠాలు చెప్పేవాడు. 1943 డిసెంబరులో జర్మనులు ఆయనను కాల్చి చంపారు.

యుద్ధానంతరం వైన్‌ఫెల్డే ఆ చట్రానికి మళ్ళీ గోడలు తొడిగి, హోటలుగా మార్చాడు. అప్పటి ప్రభుత్వపు అభిరుచి ప్రకారం, తాను ఒకప్పుడు వద్దనుకున్న అలంకారాలన్నీ తానే చేర్చవలసి వచ్చింది! కొన్నేళ్ళు మూతబడి, 2018లో ఆ హోటలు మళ్ళీ తెరుచుకుంది.

ముందున్న చౌకు పేరు ఇప్పుడు 'వార్సా తిరుగుబాటువీరుల చౌకు'. అక్కడి బెంచీమీద సాయంకాలందాకా కూర్చున్నాను. ఒక్కొక్క కిటికీలో దీపం వెలుగుతున్నది. ఆ గదుల బరువంతా మోస్తున్నది బ్రివా వేసిన లెక్కే కదా అనుకుంటూ లేచాను.