శ్రీరాంపూర్: రెండవసారి నడిచిన దారి

గత శీతాకాలంలో ఎల్.టి.సి. మీద సకుటుంబంగా కోల్‌కతా వెళ్ళాము. కాళీఘాట్, విక్టోరియా మెమోరియల్, బేలూరు మఠం చూడడం పూర్తయ్యాక తిరుగు ప్రయాణానికి ఇంకా ఒక రోజు మిగిలింది. ఆ రోజును శ్రీరాంపూర్‌కు కేటాయించాము. మా అబ్బాయి అయిష్టంగానే బయలుదేరాడు. ప్రవేశ పరీక్షలో తప్పి ఒక సంవత్సరం నష్టపోయిన నాటి నుండి వాడికి ఏ విషయంలోనూ ఉత్సాహం లేదు. చదివినదే మళ్ళీ మొదటి నుండి చదవడం తన వల్ల కాదన్నది వాడి మాట. ఆ మాటకు మా వద్ద సమాధానం లేకపోయింది.

హౌరాలో లోకల్ రైలు ఎక్కితే శ్రీరాంపూర్ సుమారు 20 కిలోమీటర్లు. మన పాత పుస్తకాలలో కనిపించే సేరంపూర్ ఇదే. 1755లో డెన్మార్క్ దేశస్థులు ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పి, తమ రాజు పేరిట ఫ్రెడరిక్స్‌నగర్ అని పిలుచుకున్నారు. 1845లో దీనిని ఆంగ్లేయులకు అమ్మివేశారు. 1806లో పూర్తయిన సెయింట్ ఓలావ్ చర్చి ఆ కాలానికి సాక్షిగా నేటికీ నిలిచి ఉన్నది.

ఈ చిన్న పట్టణానికి కీర్తి తెచ్చినవాడు విలియం కేరీ. ఇంగ్లండులో చెప్పులు కుట్టి జీవించిన ఆయన స్వయంకృషితో అనేక భాషలు నేర్చి, 1793లో బెంగాల్ చేరుకున్నాడు. నాడు ఈస్టిండియా కంపెనీ మతప్రచారకులను తన ప్రాంతంలో ఉండనిచ్చేది కాదు. అందుచేత ఆయన కొన్నేళ్ళు నీలిమందు కర్మాగారంలో ఉద్యోగం చేసి పొట్టపోసుకున్నాడు. 1794లో కుమారుడు పీటర్ మరణించాడు. ఆ దుఃఖంలో భార్య డొరతీకి మతి చలించింది. 1807లో ఆమె కన్నుమూసేవరకు ఆ ఇంట శాంతి లేదు. ఆయన విశ్వాసానికి ఆమె చెల్లించిన మూల్యాన్ని తలచుకున్నప్పుడు మా శ్రీమతి చాలాసేపు మౌనంగా ఉండిపోయింది.

1800లో డేనిష్ గవర్నరు ఆశ్రయమివ్వగా కేరీ శ్రీరాంపూర్ చేరి, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్‌లతో కలిసి ముద్రణాలయం స్థాపించాడు. మార్ష్‌మన్ దంపతులు పాఠశాలలు నడిపారు. పంచానన్ కర్మకార్, ఆయన అల్లుడు మనోహర్ భారతీయ భాషల అచ్చు అక్షరాలు మలిచారు. దేశీయ పండితులు అనువాదాలకు తోడ్పడ్డారు. విదేశీయుల పేర్లే చరిత్రలో ప్రముఖంగా కనిపించినా, ఈ చేతులు లేకుంటే ఆ పని సాగేది కాదు.

1812 మార్చి 11 సాయంకాలం ఆ ముద్రణాలయానికి నిప్పంటుకున్నది. కాగితం నిల్వలు, అచ్చు అక్షరాలు, సంవత్సరాల తరబడి వ్రాసిన చేతిప్రతులు బూడిదయ్యాయి. వాటిలో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణం కూడా ఉన్నది. ముద్రణ యంత్రాలు, అక్షరాలు పోతపోసే మూసలు మాత్రం దక్కాయి. కరిగిన లోహాన్ని ఏరి తెచ్చి, కొద్ది వారాలకే మళ్ళీ అక్షరాలు పోత పోయసాగారు. ఒకసారి నడిచిన దారిని రెండవసారి నడిచేటప్పుడు సౌలభ్యము, నిశ్చయము ఎక్కువగా ఉంటాయన్న భావంతో కేరీ ఆ రోజులలో ఉత్తరం వ్రాశాడు.

“కాలిపోయిన తెలుగు పుస్తకం మళ్ళీ వ్రాశాడా నాన్నా?” అని అబ్బాయి అడిగాడు. ఆ రోజు వాడు తనంతట తాను వేసిన మొదటి ప్రశ్న అది. వ్రాశాడు, 1814లో అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా ఇక్కడి నుండే వెలువడింది. ఆ తొలి అనువాదాలలో లోపాలు లేకపోలేదు. తరువాతి వారు వాటిని విడిచి కొత్తగా అనువదించుకున్నారు. అయినా ఆ తొలి అడుగులు వేసినవారిలో వీరూ ఉన్నారు.

అదే 1818లో శ్రీరాంపూర్ కళాశాల వెలసింది. కుల మత భేదం లేకుండా అందరికీ అందులో ప్రవేశం కల్పించారు. 1827లో డెన్మార్క్ రాజు దానికి పట్టాలు ప్రదానం చేసే అధికారమిచ్చాడు. హుగ్లీ ఒడ్డున, ఎత్తయిన స్తంభాలతో గంభీరంగా నిలిచిన భవనం ఎదుట పుస్తకాలు పట్టుకొని వెళ్తున్న విద్యార్థులను చూస్తుంటే, ఆనాటి శ్రమ వృథా కాలేదనిపించింది. ఆ ముద్రణాలయపు పాత గ్రంథాలను కళాశాల గ్రంథాలయం నేటికీ భద్రపరుస్తున్నది. మన కర్మాగార సోదరులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటి: తమ కాగితపు మిల్లు కోసం వీరు 1820లో ఇంగ్లండు నుండి ఆవిరియంత్రం తెప్పించారు.

చివరగా కేరీ సమాధిని దర్శించాము. 1834 జూన్ 9న ఆయన మరణించాడు. ఇన్ని భాషల పండితుడు తన సమాధిపై బిరుదులేవీ చెక్కించుకోలేదు. తనను దీనునిగా చెప్పుకునే ఒక కీర్తన పాదాన్ని మాత్రమే కోరుకున్నాడు.

తిరుగు రైలులో జనం కిటకిటలాడుతున్నారు. లిలువా దాటిన తరువాత అబ్బాయి మెల్లగా, “దరఖాస్తుకు ఆఖరు తేదీ ఎప్పుడు నాన్నా?” అన్నాడు. ఈసారి ఫలితం ఎలా ఉంటుందో మేము చెప్పలేము. కానీ వాడు మళ్ళీ పుస్తకం తెరిచాడు.

కోల్‌కతా వెళ్ళే మన సహోద్యోగులు శ్రీరాంపూర్‌కు ఒక పూట కేటాయించవలసిందిగా మనవి. పిల్లలను కూడా తప్పక వెంట తీసుకువెళ్ళండి.