రాయనిది జరగనట్టే

పొద్దున్నే జూబ్లీ బస్‌స్టేషన్‌లో బయల్దేరి అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట వెళ్లే బస్సులో ఇద్దరు యువకుల్ని చూడగానే ఎవరెవరో తెలిసిపోతుంది. మెడలో ట్యాగు వేసుకుని కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నవాడికి ఉద్యోగం ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డరు పెట్టుకుని పెదవులు కదుపుతున్నవాడు వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్తున్నాడు. వాడు వల్లె వేసేదేమిటో వినక్కర్లేదు. తాను కష్టజీవినని, ఏ పనైనా ఇట్టే నేర్చుకుంటానని, నలుగురితో కలిసిపోతానని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. అవి సీనియర్ రెజ్యూమెలోవి. ఆ సీనియర్‌కి వాళ్ల సీనియర్ ఇచ్చాడు.

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఉద్యోగం వెతుక్కోవడమంటే చాలామందికి మందుల కంపెనీ గేటు ముందు నిలబడడమే. 1993లో మొదలైన శాంతా బయోటెక్నిక్స్ మేడ్చల్ పక్కనే ప్లాంటు పెట్టి, 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. ఆ తర్వాత తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ పెరిగింది. కరోనా కాలంలో కొవాగ్జిన్ పుట్టిందీ అక్కడే. కాలేజీలకూ కొదవ లేదు. మైసమ్మగూడ, కండ్లకోయల్లో ఇంజనీరింగ్, ఫార్మసీ కాలేజీల బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఏటా అక్కడినుంచి బయటపడే పిల్లలకు తోడు సిద్దిపేట, కామారెడ్డి వైపు నుంచి బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లూ ఐటీఐ ఫిట్టర్లూ వచ్చి ఈ గేట్ల ముందే చేరతారు. అందరి ఫోల్డర్లలోనూ అవే నాలుగు వాక్యాలు.

ఆ గేటు లోపల మాట తీరే వేరు. కొత్తగా చేరినవాళ్లకి మొదట నేర్పే సూత్రం ఒకటుంది: రాయనిది జరగనట్టే. మందు తయారీలో ప్రతి మెట్టూ బ్యాచ్ రికార్డులో ఎక్కాలి. చేసినవాడే రాయాలి, చేసినప్పుడే రాయాలి. అంకె తప్పు పడితే వైట్నర్ పూయకూడదు. పాతది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది వేసి, కారణం రాసి, తేదీతో సంతకం పెట్టాలి. అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో ఈ విషయం మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలే విడుదల చేసింది. చించి చెత్తబుట్టలో వేసిన కాగితాలు తనిఖీకి వచ్చినవాళ్ల కంటపడి, మన దేశంలో కంపెనీలకు వార్నింగ్ లెటర్లు వచ్చిన సందర్భాలున్నాయి.

ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చునేది ఈ క్రమశిక్షణలో పదిహేనేళ్లు నలిగిన మనిషి. ఏ కాగితం చేతికిచ్చినా ఆయన చూసే చూపు ఒకటే. ఇది ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు? రుజువేది? రెజ్యూమెలో ‘హెచ్‌పీఎల్‌సీ వచ్చు’ అని కనిపిస్తే, ‘ఏ కాలమ్ వాడావు? మొబైల్ ఫేజ్‌లో ఏం కలిపావు?’ అంటాడు. కాలేజీలో ఆ మెషీన్‌ని నలభైమంది వెనక నిలబడి చూసినవాడు అక్కడే దొరికిపోతాడు. ‘అది సార్ చేసి చూపించారు. నేను సొంతంగా చేసింది టైట్రేషన్’ అన్న అమ్మాయిని అదే పెద్దమనిషి, ‘ఎండ్ పాయింట్ దాటిపోతే ఏం చేస్తావమ్మా?’ అని అడుగుతాడు. ‘మళ్లీ మొదట్నుంచి చేస్తాను సార్. పాత రీడింగ్ మాత్రం కొట్టేయను’ అంటే ఆయన వెనక్కి ఆనుకుని కూర్చుంటాడు. ఆ ఒక్క జవాబుతో నాలుగు వాక్యాల అవసరం తీరిపోయింది.

నిజాయితీ అంటే తగ్గి మాట్లాడడమేగా అని ఇక్కడ చాలామంది పొరబడతారు. తన డబ్బా తాను కొట్టుకోకూడదని మనకి చిన్నప్పుడే నూరిపోశారు. అందుకే ఇంటర్వ్యూలో మనవాళ్లు అయితే నోరు మెదపరు, లేదా అరువు తెచ్చుకున్న డబ్బా మోగిస్తారు. ప్లాంటు లాగ్‌బుక్ భాషలో ఈ రెండూ లేవు. అందులో విశేషణాలకు చోటుండదు. పని, తేదీ, ఫలితం ఉంటాయి. ‘మెకానికల్ పనులన్నీ వచ్చు’ అనే ఫిట్టరు కంటే, ‘మెకానిక్ షెడ్డులో ఆర్నెల్లు చేశాను, పంపు విప్పి బేరింగ్ మార్చగలను’ అనేవాడిదే పెద్ద మాట. వినేవాడు పిలిచి ఒక పంపు ముందు నిలబెట్టి చూసుకోవచ్చు.

ఎక్కువమంది భయపడేది ఖాళీ సంవత్సరాలకు. ‘2022లో పాసై ఇప్పుడొచ్చావు, మధ్యలో ఏం చేశావు?’ ఈ ప్రశ్న తప్పించుకోవడానికి దొంగ అనుభవ పత్రం కొనుక్కునేవాళ్లున్నారు. 2014లో పీఎఫ్‌కి యూఏఎన్ అనే ఒకే నంబరు వచ్చాక ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు చేశారో తెలుసుకోవడం కష్టం కాదు. అసలు ఖాళీకి సిగ్గుపడాల్సిందేముంది? తెలంగాణ గ్రూప్-1నే తీసుకోండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. కోచింగ్ కోసం అశోక్‌నగర్ గదుల్లో రెండేళ్లు కరిగిపోయినవాడు ఆ సంగతే ఒక్క లైన్లో రాసుకోవచ్చు. కారణం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టగలిగిన ఖాళీని ఎవరూ తప్పు పట్టరు. వైట్నర్ పూసిన చోటే వేలు పెట్టి గోకుతారు.

ఇంగ్లీషు సంగతి కూడా అంతే. ప్లాంటులో పని పద్ధతులన్నీ ఇంగ్లీషులోనే రాసి ఉంటాయి కాబట్టి చదివి అర్థం చేసుకునేంత భాష కావాలి, అందులో రాజీ లేదు. కానీ వల్లె వేసింది అప్పజెప్పడం పూర్తయ్యేసరికి బల్లకు అవతలి మనిషి, ‘ఏ ఊరు బాబూ మీది?’ అని తెలుగులోకి దిగిపోతాడు. అసలు ఇంటర్వ్యూ అక్కడ మొదలవుతుంది. చేసిన పనిని మొదట ఏం చేశాం, తర్వాత ఏం చేశాం అని వరసగా చెప్పగలవా లేదా అన్నదే ఆయన చూసేది.

ఇంత కచ్చితత్వం అడిగే కంపెనీ తన గురించి చెప్పుకునేటప్పుడు ఎలా ఉంటుందో కూడా చూడాలి. వాకిన్ ప్రకటనల్లో జీతం దగ్గర ‘కంపెనీ నిబంధనల ప్రకారం’ అని ఉంటుంది. కంపెనీ రోల్సా, కాంట్రాక్టా అన్నది ఉండదు. నైట్ షిఫ్టులెన్ని, బండి ఎక్కడిదాకా వస్తుంది, బాండు ఉందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటారా అన్నవీ ఉండవు. ఇవన్నీ గౌరవంగానే అడగొచ్చు. అడిగినందుకు ముఖం చిట్లించేవాళ్ల దగ్గర చేరాక అడగడం ఇంకా కష్టం. ఉద్యోగానికి ముందు డిపాజిట్ కట్టమంటే మాత్రం మారుమాట లేకుండా లేచి రావాలి. ‘ముందు చేరు బాబూ, ఆర్నెల్లలో పర్మనెంట్ చేస్తాం’ అని నోటిమాటగా అన్నప్పుడు, వాళ్ల సూత్రాన్నే వాళ్లకి నవ్వుతూ గుర్తు చేయండి: ‘సార్, అది ఆఫర్ లెటర్‌లో రాస్తారా?’